ఇసకలో బ్రేకు కొట్టద్దు

అనంతపురం జిల్లాలో పుట్టినవాడు డాలర్లు పోసి ఎడారికి పోతాడంటే మా నాన్నకు ఇప్పటికీ మింగుడు పడదు. "వానల్లేకనే గదరా నిన్ను ఆ దేశానికి తోలింది. ఆడికీ పోయి మళ్ళా వానల్లేని తావే యెతుక్కుంటివా?" అన్నాడు ఫోన్లో. మా జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేరు తర్వాత అంత తక్కువ మాకేనని బళ్ళో చెప్పేవాళ్ళు. మొదటి ర్యాంకు తప్పిపోయిందని కాస్త బాధపడేవాళ్ళం కూడా. ఇప్పుడు నేనుండేది దక్షిణ కాలిఫోర్నియాలో. శనివారం చీకటితోనే మోటారు సైకిలును ట్రక్కు మీదికెక్కించుకుని పోయే మొహావీ ఎడారిలో చాలాచోట్ల 150 మిల్లీమీటర్లు పడితే ఆ ఏడు పండగే. ఈ లెక్క విన్నాక నాన్న మెత్తబడ్డాడు. "అయితే మనకన్నా అన్యాయం ఇంగొకటుందన్నమాట" అన్నాడు, కొంచెం ఊరటగానే.

ఆ వెంటనే అసలు ప్రశ్న వేశాడు. "బండి ఎంతిస్తాది?"

మోటారు సైకిలు ఎంత ఎత్తెగురుతుంది, సస్పెన్షన్ ఎన్ని అంగుళాలు, ఇవేవీ తెలుగు తండ్రికి పట్టవు. లీటరుకు ఎంత, అంతే. అయితే ఎడారి బండికి సంబంధించినంతవరకు ఇంతకు మించిన ప్రశ్న లేదు. నాది 300 సీసీ హోండా. ట్యాంకులో పట్టేది 7.8 లీటర్లు. మేం పోయే మొహావీ రోడ్డు కొలరాడో నది ఒడ్డు నుంచి పడమటికి 138 మైళ్ళు, అంటే 220 కిలోమీటర్ల పైమాట. దారి పొడుగునా పెట్రోలు బంకు ఒక్కటీ లేదు. తారురోడ్డు మీదైతే లెక్క ఎలాగోలా కుదురుతుంది. ఇసుకలో దిగిందంటే బండి తాగుడుకు పడుతుంది. అందుకని వెనక సీటు మీద పెట్రోలు సంచి కట్టుకుని పోవాలి. రోడ్డు అంటున్నానని భ్రమ పడకండి. రెండు చక్రాల గాడులు, మధ్యలో పొదలు.

నాకు ఈ పిచ్చి అంటించినవాడు మా తోడల్లుడు. అతనిది తెనాలి పక్క పల్లె. ఇంటి వెనక కాలువ, కాలువ వెనక వరి, వరి వెనక మళ్ళీ కాలువ. ఎండిన నేలను చూసి ముచ్చటపడిపోయే మనిషిని నేను ఇతన్నే చూశాను. గుట్ట మీద బండి ఆపి, చేతులు చాపి, "ఎంత ప్రశాంతంగా ఉందో చూశారా అన్నయ్యగారూ!" అంటాడు. మా ఊళ్ళో దీన్ని ప్రశాంతత అనరు, కరువు అంటారు.

ముందు వేషం సంగతి చెప్పాలి. హెల్మెట్టు, దుమ్ము కళ్ళద్దాలు, ఛాతీకి ప్లాస్టిక్ కవచం, మోచేతులకు, మోకాళ్ళకు చిప్పలు, పిక్కల దాకా వంగని బూట్లు. వీపున మూడు లీటర్ల నీళ్ళ సంచి, దాన్నుంచి నోటికి గొట్టం. అన్నీ తొడుక్కుని నిలబడితే మా తోడల్లుడు సురభి నాటకంలో సీను మర్చిపోయిన భటుడిలా ఉంటాడు. ఆ బూట్లతో బండి నడపొచ్చు గానీ నడవలేం. ఇంత వేషం వేసుకున్నాక సరిగ్గా ఐదు నిమిషాలకు ప్రకృతి పిలుస్తుంది. ఎడారిలో అతి నిదానంగా జరిగే పని అదే.

ఇసుకలో బండి ఎలా నడపాలో నేర్పడానికి ఇక్కడ శని ఆదివారాల్లో తరగతులుంటాయి. ఫీజు అడక్కండి. గురువుగారు చెప్పిన సారాంశం ఇది: సీటు మీద కూర్చోకు, ఫుట్‌రెస్టుల మీద నిలబడు. బరువు వెనక్కి వెయ్యి. చక్రం ముందర చూడకు, దూరంగా చూడు. యాక్సిలరేటర్ వదలకు. ముందు బ్రేకు జోలికి పోకు. అంతా రాసుకుని ఇంటికొచ్చాక, ఈ పాఠం ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. మా నాన్న టీవీఎస్ ఫిఫ్టీ మీద వెనక రెండు చెనిక్కాయల మూటలు, వాటి మీద మా అమ్మ, ముందు ఫుట్‌బోర్డు మీద నేను. ఎండిపోయిన చిత్రావతి ఏటికి అడ్డంగా పోతా ఆయన చెప్పేవాడు: "ఇసకలో బ్రేకు కొట్టద్దు. రేజు తగ్గించద్దు. చక్రం కల్లా చూడద్దు, గట్టు కల్లా చూడు." నిలబడ్డం ఒక్కటే ఆయన చెప్పలేదు. మూటల మీద అమ్మ ఉండగా ఎక్కడ నిలబడతాడు?

దీని వెనక ఉన్న సంగతి సులువు. వేగం ఉన్నంతసేపు ముందు చక్రం ఇసుక మీద తేలుతూ పోతుంది. భయపడి తగ్గించావంటే నాగలి కర్రులా దిగబడుతుంది, హ్యాండిల్ అటో ఇటో తిరిగిపోతుంది, తర్వాత మనమే. అందుకే టైర్లలో గాలి కూడా పన్నెండు పద్నాలుగు పౌండ్లకు దించుతారు, చక్రం వెడల్పుగా పరుచుకుంటుందని. బండి వణికిపోతుంటే ఇంకా గట్టిగా యాక్సిలరేటర్ తిప్పాలనేది బుద్ధికి అర్థమవుతుంది. చేతికి అర్థం కాదు. మా తోడల్లుడి చేతికి అసలే కాదు. అది ఆంజనేయస్వామిని తలుచుకుంటూ బ్రేకు పట్టేస్తుంది. పడ్డప్పుడు కూడా డెల్టా మర్యాద తప్పడు. బండి కింద కాలు ఇరుక్కుని ఉండగా, "మీరు కానివ్వండి అన్నయ్యగారూ, నేను నెమ్మదిగా వస్తాను" అంటాడు.

బండి లేపడం వేరే విద్య. 140 కిలోల ఇనుమును చేతులతో లేపితే నడుం పోతుంది. హ్యాండిల్ ఒకవైపుకు పూర్తిగా తిప్పి, సీటుకు వీపు ఆనించి గొంతుక్కూర్చుని, కాళ్ళ బలంతో వెనక్కి నడవాలి. పెద్దమనిషి పెళ్ళిలో అలిగి గోడకు చేరగిలబడ్డ భంగిమే, కాకపోతే గోడ కదులుతుంది.

ఈ మొహావీ దారి మనకంటే ఎన్నో తరాలు పాతది. మొహావీ తెగవాళ్ళు నీటి ఊటనుంచి నీటి ఊటకు నడుస్తూ సముద్రతీరం దాకా సరుకులు మోసుకెళ్ళి మార్చుకొచ్చేవారు. తర్వాత సైన్యం వచ్చి 1860ల్లో ఊటల దగ్గర ఠాణాలు కట్టింది. రైలు పడ్డాక దారిని అందరూ మరిచిపోయారు. డెనిస్ కేస్‌బియర్ అనే ఆయన పాత కాగితాలు తిరగేసి, స్నేహితులను వెంటేసుకుని మళ్ళీ దారి పట్టుకుని, గైడు పుస్తకం రాశాడు. మేం ఇవాళ తప్పిపోకుండా ఇల్లు చేరుతున్నామంటే ఆయన పుణ్యం.

వీళ్ళందరి మధ్యలో ఒంటెలు కూడా వచ్చాయి. నిజమే, అమెరికాలో ఒంటెలే. 1857లో ఎడ్వర్డ్ బీల్ అనే అధికారి బండ్లదారి సర్వే చేస్తూ పాతిక ఒంటెలను వెంటబెట్టుకుని కొలరాడో నది దాటించాడు. అవి ఈదుకుంటూ దాటాయి. కంచరగాడిదలు ముట్టని ముళ్ళకంప తిని, వాటికంటే ఎక్కువ బరువు మోశాయని బీల్ తెగ మెచ్చుకున్నాడు. అంటే బాగానే ఇచ్చాయన్నమాట. కానీ ఒంటెలను చూసి కంచరగాడిదలు బెదిరేవి, సిపాయిలు విసుక్కునేవారు. అంతర్యుద్ధం వచ్చాక ఆ సంగతి పట్టించుకున్న నాథుడు లేడు. ఒంటెలు తోలడానికి తూర్పు దేశాల నుంచి వచ్చిన హాజీ అలీని ఇక్కడివాళ్ళు 'హై జాలీ' చేసేశారు. 1902లో పోయిన ఆయనకు ఆరిజోనాలోని క్వార్ట్‌సైట్‌లో పిరమిడ్ ఆకారపు సమాధి ఉంది, దాని కొసన ఒంటె బొమ్మతో సహా. వీసా మీద వచ్చి పేరు పోగొట్టుకున్న మా ఆఫీసు కుర్రాళ్ళకు చూపించవలసిన చోటు.

ఊటల్లో నాకు సొంత ఊరిలా అనిపించేది గవర్నమెంట్ హోల్స్. నీళ్ళ గుంతల దగ్గర, పశువుల కంపెనీకీ రైతులకూ ముదిరిన తగాదాలో 1925 నవంబరులో ఇద్దరు మనుషులు ఒక గుడిసెలో ఎదురుబడి, తుపాకులు పేల్చుకుని ఇద్దరూ పోయారు. పాత పడమటి దేశపు ఆఖరి తుపాకీ పోరాటాల్లో ఒకటని దీన్ని ఇక్కడివాళ్ళు కథలుగా చెప్పుకుంటారు. తోడల్లుడు నోరెళ్ళబెట్టి విన్నాడు. నాకు మాత్రం జిల్లా ఎడిషన్లో మూడో పేజీ చదువుతున్నట్టే ఉంది.

ముళ్ళ దగ్గర కూడా మాకు చుట్టరికం కలిసింది. ఇక్కడ చోయా అనే నాగజెముడు జాతి మొక్క ఉంది. ముట్టుకోనక్కర్లేదు, పక్కనుంచి పోతే చాలు, ముళ్ళ ఉండ ఒకటి ఊడొచ్చి ఒంటికి అతుక్కుంటుంది. చేత్తో పీకబోతే చేతికి అతుక్కుంటుంది. దువ్వెన దూర్చి ఎగరగొట్టడమే మందు. బట్టతల ఉన్న మా తోడల్లుడి సంచిలో కొత్త దువ్వెన ఎందుకుందని మా మరదలు చేసిన విచారణకు నేను సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. ఊళ్ళలో పెట్రోలు బంకుల పక్కన, గుడారాలేసే చోట్ల ట్యూబులు పంక్చర్ చేసేది మాత్రం వేరే ముల్లు. చక్రంలోంచి పీకి చూస్తే పల్లేరుకాయ! మా ఊరి కళ్ళాల్లో చిన్నప్పుడు అరికాళ్ళకు దిగిందే, ఏ తేడా లేదు. పాత ప్రపంచం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. దాని విత్తనాలు తినడానికి 1961లో ప్రత్యేకంగా పురుగులను దిగుమతి చేసి వదిలారు. అయినా పల్లేరు పూర్తిగా పోలేదు. సీమ సరుకు.

ఎడారికి అసలు యజమాని తాబేలు. బ్రతుకులో ఎక్కువ భాగం బొరియలోనే గడుపుతుంది. తాగిన నీళ్ళు మూత్రాశయంలో దాచుకుని నెలల తరబడి వాడుకుంటుంది. మనం ముద్దొచ్చి చేతిలోకి తీసుకున్నామా, భయంతో ఆ నీళ్ళన్నీ వదిలేస్తుంది. మళ్ళీ వాన పడకపోతే చావొచ్చు కూడా. నిలిపిన బండి నీడలో చేరి పడుకోవడం దానికి అలవాటు, అందుకని కదిలే ముందు చక్రాల కింద వంగి చూడాలి. 1967 నుంచి బార్‌స్టో నుంచి వేగాస్ దాకా ఎడారికి అడ్డంగా మోటారు సైకిళ్ళ రేసు జరిగేది. వేలమంది ఒకే వరసలో నిలబడి, దూరాన లేచే పొగను గురిపెట్టుకుని ఒక్కసారిగా దూకేవాళ్ళు. నేల పాడవుతోందని 1975లో ఆపారు, 1983లో మళ్ళీ పెట్టారు, 1989తో అయిపోయింది. మరుసటి ఏడు తాబేలును రక్షిత జీవుల జాబితాలో చేర్చారు. ఇప్పుడు జరిగేది రేసు కాదు, నంబరు ప్లేట్లున్న బండ్లతో, ఉన్న దారుల మీదే నడిచే యాత్ర. తాబేలు పందెం గెలవడం నాకు తెలిసి ఇది రెండోసారి. ఈసారి కుందేలు నిద్ర కూడా పోలేదు. నాకైతే తీర్పు సబబుగానే తోస్తుంది. మనకు దారులున్నాయి, దానికి బొరియ ఒక్కటే.

దారి మధ్యలో, చుట్టుపక్కల ఇల్లన్నది లేని చోట, జెండా కర్ర కింద ఒక పోస్టు డబ్బా ఉంటుంది. ఉత్తరాలు రావు. లోపల పుస్తకంలో వచ్చిపోయేవాళ్ళు పేరు రాసి పోతారు. మేం తెలుగులో రాశాం. దాని వెనక పొదల మాటున వందల కప్పలు కొలువుదీరి ఉన్నాయి, ప్లాస్టిక్‌వి, పింగాణీవి, గుడ్డవి. పోయినవాళ్ళు తలా ఒకటి పెట్టి పోతుంటారు. "ఎడారిలో కప్పలేమిటండీ!" అని తోడల్లుడు విరగబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాన రాని ఏడు మా వీధిలో పిల్లలం రోకలికి కప్పను కట్టుకుని, కప్పతల్లీ అని పాడుకుంటూ ఇంటింటికీ తిరిగితే, ఆడవాళ్ళు చెంబులతో నీళ్ళు పోసేవారు. కాలువ గట్టున పుట్టినవాడికి కప్ప మొక్కు ఏం తెలుస్తుంది?

మీరెవరైనా ఈ దారి పట్టదలుచుకుంటే కొన్ని మాటలు. నవంబరు, మార్చి నెలల మధ్య రండి. ఎండాకాలం ఈ ఎడారిలో 45 డిగ్రీలు మామూలు. ఈ దారిలో పెద్ద భాగం మొహావీ నేషనల్ ప్రిజర్వ్‌లోంచి పోతుంది, నంబరు ప్లేటు లేని బండిని అక్కడ రానివ్వరు. ఒంటరిగా పోకండి. పడమటి వైపు సోడా లేక్ వస్తుంది, చెరువని పేరే గానీ తెల్లటి ఉప్పునేల. పైన పొడిగా కనిపించినా కింద బురద ఉంటే బండి దిగబడిపోతుంది, వాన పడ్డాక దిగొద్దు. నడిమధ్యలో రాళ్ళ గుట్ట ఒకటుంది. అటు పోయే ప్రతివాడూ ఒక రాయి తెచ్చి దాని మీద వేస్తాడు, కాబట్టి ముందే ఒకటి ఏరుకుని జేబులో వేసుకోండి. గుట్ట ఎక్కి చూస్తే ఒక ఫలకం కనిపిస్తుంది. దాని మీద ఏం రాసుందో నన్నడక్కండి, చూసినవాళ్ళు బయట చెప్పకూడదని ఆనవాయితీ.