వాచీకి తెలియని వాకింగ్

అమరచింతలో గుంట మగ్గంలో కాళ్లు దింపి పొద్దున్నుంచి చెక్కలు తొక్కే మామగారికి, హైదరాబాద్ అల్లుడు స్మార్ట్‌వాచీ కట్టాడు. కాళ్లు ఆడుతున్నాయి, చెయ్యి నాడె ఆడిస్తోంది. అయినా వాచీ గంట గంటకూ వణికి ‘లేచి కదలండి’ అంటోంది. "నేసుడు రానిది నాకు నడక నేర్పుతాంది" అని ఆయన దాన్ని విప్పి అటకెక్కించాడు.

వాచీ రోజూ నడవమనే ఆ పదివేల అడుగులేమైనా వైద్యుడు రాసిచ్చిన చీటీనా? 1965లో ఒక జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్ముకోవడానికి దానికి పెట్టుకున్న పేరు!

జొన్నరొట్టె సంగతీ అంతే. పాలమూరు తిన్నన్నాళ్లూ అది బీదతిండి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నాక స్టార్ హోటల్ మెనూ ఎక్కింది. అల్లుడు జొన్నపిండి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాడు, అత్త వేడివేడిగా తట్టి పెడితే మాత్రం "అన్నం లేదా?" అంటాడు.

కండల కోసం ప్రొటీన్ పొడులు వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. అల్లుడు ఆ వార్త శ్రద్ధగానే చదివాడు, జిమ్‌లో పొడి కలిపిన డబ్బా ఊపుతూ.

సాయంత్రం జూరాల డ్యాం కాడ వేయించిన చేపలు రెండు ప్లేట్లు లాగించి, "ఒమేగా త్రీ మామా" అన్నాడు.

"త్రీ అంటివి గద అల్లుడా, మూడో పలేటు గూడ చెప్పాల్నా?"