పోస్టింగ్ లేని చట్టం

ప్రభుత్వానికి కంట్లో నలుసైన ఆఫీసరును ‘జీఏడీలో రిపోర్టు చేయండి’ అంటారు. హోదా ఎక్కడికీ పోదు, కుర్చీయే ఉండదు. ఢిల్లీలో ఒక చట్టానికీ ఇదే గతి పట్టింది. ఆఫీసుల్లో అక్రమాలను బయటపెట్టేవారిని కాపాడాల్సిన విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టం అది. 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదం కూడా అయింది. ఏనాటి నుంచి అమలో కేంద్రం గెజిట్‌లో ప్రకటిస్తుందని మొదటి సెక్షన్‌లోనే ఉంది. పదేళ్లు దాటాయి, ప్రకటన మాత్రం రాలేదు.

అలాగని సర్కారు దాన్ని మరిచిపోయిందనుకునేరు! 2015 మే 11న సవరణ బిల్లు పెట్టి, 13వ తేదీకల్లా లోక్‌సభలో గట్టెక్కించారు. దేశ భద్రత, కేబినెట్ కాగితాలు వగైరా పది రకాల సమాచారాన్ని ఫిర్యాదుల్లోంచి తప్పించాలట. డ్యూటీలో చేరని ఆఫీసరుకు అధికారాల కోత! ఆ బిల్లూ రాజ్యసభ గడప దాటకుండానే 2019లో మురిగిపోయింది.

ఇదంతా ఎక్కడ మొదలైంది? జాతీయ రహదారుల సంస్థ ఇంజనీరు సత్యేంద్ర దూబే, స్వర్ణ చతుర్భుజి పనుల్లో అక్రమాలపై 2002లో ప్రధానికి లేఖ రాశాడు. ఆకాశరామన్న ఉత్తరం అనుకుంటారేమోనని తన వివరాలు విడిగా జతచేసి, పేరు బయటపెట్టొద్దని కోరాడు. ఫైలు మర్యాద ఫైలుది కదా! పేరుతో సహా టేబుల్ టేబుల్ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు. దోపిడీ దొంగల పని అని సీబీఐ తేల్చింది.

సుప్రీంకోర్టు అడిగాక 2004లో కేంద్రం ఒక తీర్మానం చేసింది. ఇప్పటికీ దిక్కు అదే. ఫిర్యాదును కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు పంపాలి. కవరు మీద పేరు రాయకూడదు, గోప్యం. కానీ అది ఈ తీర్మానం కింద చేసే ఫిర్యాదేనని మాత్రం కవరు మీద రాయాలి. అంటే లోపల రహస్యం ఉందన్న సంగతి తప్ప మిగతాదంతా రహస్యమే.

ఆ భాగ్యమైనా కేంద్ర ఉద్యోగులు, కేంద్ర సంస్థల గురించి ఫిర్యాదు చేసేవారికే. తహసీల్దారు ఆఫీసులో దొంగ పట్టాలు కంటపడిన మన జూనియర్ అసిస్టెంటు ఆ తీర్మానం పరిధిలోకి రాడు. పేరు బయటపెట్టిన అధికారికి మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా అన్న సెక్షన్ ఆయనకూ వర్తించేదే. కాకపోతే అది ఆ అమల్లోకి రాని చట్టంలో ఉంది.

ఆయన్ను ఏ చట్టమూ పట్టించుకోవడం లేదంటే మాత్రం అన్యాయం. ఆఫీసు కాగితం బయటికిస్తే పట్టుకోవడానికి 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. అది చాలకపోతే 1923 నాటి అధికార రహస్యాల చట్టం, తెల్లదొరలు పోయినా ఒక్కరోజు సెలవు పెట్టకుండా డ్యూటీ చేస్తోంది. నోరు మూయించే చట్టాలకు అమలు తేదీ ఏనాడూ కరువు కాలేదు.