ల్యాప్‌టాప్ విక్రయ వచనము: టీకా తాత్పర్య విశేష సహితము

మూలము

మల్టీమీడియా ల్యాప్‌టాప్ అమ్మబడును. విండోస్ 98. సీడీ, ఫ్లాపీ పనిచేయును. బ్యాటరీ నిలువదు. ఛార్జరు కలదు. డీటీపీ వారికి మిక్కిలి ఉపయోగము. ధర మాట్లాడుకొనవచ్చును.

అవతారిక

పై వచనం ఒక జిరాక్సు షాపు అద్దానికి అంటించి ఉంది. కర్త పేరు లేదు, ఫోన్ నంబరు ఉంది. రచనాకాలం తెలియదు గాని, కాగితం పసుపెక్కిన తీరు చూస్తే కనీసం రెండు వేసవులైనా దాటినట్టుంది. మెదక్ ప్రాంతపు కొలిచెలిమ నుంచి వచ్చిన కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యలు రాస్తూ, అక్కర్లేని మాట చెప్పనని నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత నిష్ఠ లేదు. చెప్పవలసిన అసలు సంగతి "డీటీపీ వారికి" అన్న చోట వస్తుంది. తొందర ఉన్నవారు నేరుగా అక్కడికి వెళ్లవచ్చు.

ప్రతిపదార్థము

మల్టీమీడియా = ఆటయు, పాటయు, బొమ్మయు ఒక్క పెట్టెలో ఇమిడినదగు; ల్యాప్‌టాప్ = ఒడిలో పెట్టుకొనదగినదని పేరు వడసి, తొడ కాలునను భీతిచే ఎప్పుడును బల్లమీదనే యుండునట్టి యంత్రము; అమ్మబడును = ఇంట చోటు చాలక వదిలించుకొనబడును; విండోస్ 98 = 1998 జూన్‌లో వెలువడి, 2006 జూలైలో కన్నతల్లియగు మైక్రోసాఫ్టుచే చేయి విడువబడినట్టి వ్యవస్థ; సీడీ, ఫ్లాపీ = అవి పెట్టు అరలు; పనిచేయును = కడపటిసారి చూచినప్పుడు పనిచేసెను; బ్యాటరీ నిలువదు = తీగ పీకిన తోడనే తెర నల్లనగును; ఛార్జరు = ప్రాణవాయువు; కలదు = వెదకగా దొరికినది; డీటీపీ వారికి = అక్షరములు కూర్చి పొట్టపోసుకొను వారికి; మిక్కిలి ఉపయోగము = (విశేషములలో వివరింపబడును); ధర = కర్త మనసులోనిది యొకటి, కొనువాని మనసులోనిది యొకటి; మాట్లాడుకొనవచ్చును = ఎవరైనను ఫోన్ చేసిన చాలును.

తాత్పర్యము

ఒకనాడు అప్పు చేసి కొన్న వస్తువు ఇప్పుడు అటక మీద చోటు తింటోంది. పారేయడానికి కర్తకు మనసు రాదు, ఉంచుకోవడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. పనికొచ్చేవాడు ఎవడైనా ఉంటే పట్టుకుపోండి అని భావము.

విశేషములు

"మల్టీమీడియా" అన్నది ఊరికే పడిన విశేషణం కాదు. ఈ రోజు ఏ దుకాణదారుడూ ల్యాప్‌టాప్ చూపించి "ఇందులో పాటలు వినిపిస్తాయండీ" అని గొప్పగా చెప్పడు. 1990ల్లో చెప్పేవాడు. అంతేకాదు, ఆ పేరు పెట్టుకోవడానికి ఒక లక్షణగ్రంథమే ఉండేది. మైక్రోసాఫ్టూ మరికొన్ని కంపెనీలూ కలిసి ఎంపీసీ అనే ప్రమాణం పెట్టాయి. మొదటి మెట్టుకు 386 ప్రాసెసరు, 2 ఎంబీ ర్యామ్, సెకనుకు 150 కేబీ చదివే సీడీ డ్రైవు కావాలి. 1993లో రెండో మెట్టుకు 486, 4 ఎంబీ, సీడీ వేగం రెట్టింపు. 1996లో మూడో మెట్టుకు 75 మెగాహెర్ట్జ్ పెంటియం, 8 ఎంబీ ర్యామ్. మహాకావ్యానికి అష్టాదశ వర్ణనలు ఉండి తీరాలని ఆలంకారికులు పట్టుబట్టినట్టే ఇదీ. మన కర్త యంత్రంలో విండోస్ 98 నడుస్తోందంటే లక్షణాలు చాలావరకు పట్టినట్టే లెక్క.

"సీడీ" విషయానికి వస్తే, ల్యాప్‌టాప్ కడుపులోనే సీడీ డ్రైవు అమర్చుకుని వచ్చిన తొలి యంత్రాల్లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 755సీడీ ఒకటి, 1994లో. అంతకుముందు సీడీ చదవాలంటే డ్రైవును విడిగా సంచిలో వేసుకు తిరగాలి. అయితే తెలుగు ఇళ్లలో మల్టీమీడియా అంటే వీడియో సీడీ, అంటే వీసీడీయే, ఇంకో అర్థం ఎవరికీ తెలియదు. డిస్కుకు 74 నిమిషాలు పట్టేది. సినిమా రెండున్నర గంటలు దాటిందంటే మూడో డిస్కు. దర్శకుడు ఇచ్చిన విశ్రాంతి ఒకచోట, డిస్కు ఇచ్చిన విశ్రాంతి ఇంకోచోట. బొమ్మ అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288. అంతలోనే పెళ్లిపందిరి, తలంబ్రాలు, అప్పగింతలు, భోజనాల దగ్గర కెమెరా చూసి విస్తరి మీదికి వంగిపోయిన మేనమామ, అందరూ ఇమిడారు.

ఈ డ్రైవు వాడే పద్ధతి నేటి పిల్లలకు తెలియదు కనుక రాయడమైనది. బటన్ నొక్కితే ట్రే అరంగుళమే బయటికి వస్తుంది, మిగతాది మనమే వేలితో లాగాలి. డిస్కును నడుమనున్న బొడిపె మీద పెట్టి, రెండు వేళ్లతో రెండు పక్కలా సమానంగా నొక్కాలి. టక్కుమంటే కూర్చున్నట్టు. అనకుండా తోసేస్తే లోపల గరగర శబ్దం మొదలవుతుంది. కరెంటు పోయి డిస్కు లోపల ఇరుక్కుంటే, ట్రే ముఖాన సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది, పేపర్ క్లిప్పు నిటారుగా చేసి అందులో గుచ్చాలి. ఇక ధ్వని. పక్కన చిన్న చక్రం ఉంటుంది, గోటితో తిప్పాలి. దుమ్ము పట్టిన చక్రం తిప్పుతుంటే ఘంటసాల గొంతులోనైనా మధ్యమధ్య బరబర వినిపిస్తుంది. కొన్ని యంత్రాల్లో ముందువైపు ప్లే, స్టాప్ బటన్లు ఉండేవి, విండోస్ లేవకుండానే ఆడియో సీడీ పాడేది. వ్యాఖ్యాత అభిప్రాయంలో ఆ బటన్లకు సాటి వచ్చే సౌకర్యం మళ్లీ రాలేదు.

అయినా నిజం చెప్పాలి. వీసీడీలు చూడ్డానికి ఈ యంత్రం కొనవలసిన పని లేదు. బయట తగిలించే యూఎస్‌బీ డ్రైవు కొనుక్కుని, వీఎల్‌సీ ఎక్కించుకుంటే నేటి ల్యాప్‌టాప్‌లోనే ఆ పెళ్లి కనబడుతుంది. 1.44 ఎంబీ ఫ్లాపీలకూ యూఎస్‌బీ డ్రైవులు దొరుకుతాయి. కాబట్టి "పనిచేయును" అన్నది యంత్రానికి శోభే గాని కొనడానికి కారణం కాదు.

"బ్యాటరీ నిలువదు" అనడంలో కర్త సత్యసంధత తెలుస్తోంది. అయితే బ్యాటరీలు రెండు. పెద్దదాని సంగతి చెప్పాడు. మదర్‌బోర్డు మీద బొత్తామంత బ్యాటరీ ఇంకొకటి ఉంటుంది, దాని సంగతి చెప్పలేదు. అది అయిపోతే చాలా యంత్రాలు లేచిన ప్రతిసారీ తేదీ 1980 జనవరి 1 అంటాయి. తెలుగుదేశం పార్టీ పుట్టడానికి ఇంకా రెండేళ్ల పైన ఉంది.

"ఛార్జరు కలదు". ఈ వచనం మొత్తంలో బరువైన మాట ఇదే. ఆ కాలపు యంత్రాలు కొన్ని 15 వోల్టులవి, కొన్ని 16 వోల్టులవి, మూతులు కంపెనీకొక రకం. నేటివి ఎక్కువగా 19, 20 వోల్టులు. మూతి సరిపోయిందని తగిలిస్తే బోర్డు మాడవచ్చు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో ఛార్జరు పాడైన పాత ల్యాప్‌టాప్ పట్టుకుని అడిగి చూడండి, అంగడివాడు ముందు మన ముఖం చూస్తాడు, తర్వాత యంత్రం చూస్తాడు.

ఇంటర్నెట్ మాట మూలంలో లేదు. లేకపోవడమే మంచిది. నేటి వెబ్‌సైట్ల గుప్తలిపి ఆనాటి బ్రౌజరుకు అర్థం కాదు, తలుపు దగ్గరే ఆగిపోతుంది. పెన్‌డ్రైవు పెడితే విండోస్ 98 డ్రైవరు అడుగుతుంది, డ్రైవరు సీడీలో ఉంటుంది, సీడీ ఏమైందో పెన్‌డ్రైవు కంపెనీకీ తెలియదు.

ఇక ప్రధానాంశం: "డీటీపీ వారికి మిక్కిలి ఉపయోగము". ఇది అతిశయోక్తి అలంకారమని కొందరంటారు. కాదు, స్వభావోక్తి. కారణం వివరిస్తాను.

సీసపు అక్షరాలు పోయి కంప్యూటరు కూర్పు వచ్చాక తెలుగు పుస్తకాల్లో చాలా భాగం పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, "అను" అనే పేరున్న తెలుగు ఫాంట్లలో తయారైంది. శుభలేఖ, కరపత్రం, శతకం, నవల, గ్రామచరిత్ర, అన్నీ ఆ దారినే వచ్చాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికిన మాట నిజం. కాని విండోస్‌లో అది గౌతమి ఫాంటుతో సహా కంటికి కనబడింది 2001లో, ఎక్స్‌పీతో. అప్పటికే డీటీపీ సెంటర్ల చేతులు వేరే కీబోర్డుకు అలవాటు పడ్డాయి. ఆ ఏడాదే వచ్చిన పేజ్‌మేకర్ 7.0 దాని కడపటి వెర్షన్. అడోబీ దాన్ని వదిలేసినా మన సెంటర్లు వదల్లేదు. ఈనాటికీ వదలనివి ఉన్నాయి.

ఆ పాత ఫాంట్ల కిటుకు ఇది. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన 256 గళ్లలోనే తెలుగును ముక్కలుగా కోసి సర్దారు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, వత్తులు వేరే గళ్లలో. ఫాంటు ఉన్నంతసేపూ ముక్కలు అతుక్కుని చక్కటి తెలుగవుతాయి. ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే డాలరు గుర్తులు, నెత్తిన గీతలున్న ఫ్రెంచి అక్షరాలు, మధ్యలో ఒక పౌండు గుర్తు కనబడతాయి. ఆ పేజీ ఎవరో కవిగారి అంకితపద్యం అయి ఉంటుంది. అందులో దోషం ఉందో లేదో చెప్పడానికి కూడా లేదు.

ఇక్కడ పూర్వపక్షం: "ఈ పాత డొక్కు ఎందుకు? అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కదా. కొత్త కంప్యూటరులోనే వర్చువల్ మెషీన్ పెట్టి విండోస్ 98 నడపవచ్చు కదా. హార్డ్ డిస్కు ఊడదీసి యూఎస్‌బీ అడాప్టరుకు తగిలిస్తే ఫైళ్లు బయటికి వస్తాయి కదా."

సమాధానం: వస్తాయి. బయటికి వచ్చిన ఫైలును తెరిచేదెవరు? పాత ఇన్‌డిజైన్లు పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచేవి, కొత్తవి తెరవవు. కన్వర్టరుకు ఇవ్వాలంటే ముందు పాఠం చేతికి రావాలి. వచ్చినా, ఫాంటు వెర్షన్ మారితే గళ్లు మారతాయి, వత్తులు పక్క అక్షరం కిందికి జారతాయి, ప్రూఫు మళ్లీ మొదటి నుంచి చూడాలి. దేనితో పోల్చి చూడాలి? అసలు పేజీతో. అసలు పేజీ ఎక్కడ కనబడుతుంది? ఈ డొక్కులో. ఇక వర్చువల్ మెషీన్. ఆ రోజుల్లో భారతీయ భాషల ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌లు కొన్ని తాళంతో వచ్చేవి. వేలెడంత ముక్క, దాన్ని ప్యారలల్ పోర్టుకు తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ లేచేది. నేటి ల్యాప్‌టాప్‌కు ప్యారలల్ పోర్టు లేదు. బజారులో దొరికే యూఎస్‌బీ కన్వర్టరు ప్రింటరును నడుపుతుంది గాని, ఆ తాళం వెతికే పాత పోర్టు చిరునామా దాని దగ్గర ఉండదు. మన కర్త యంత్రానికి వెనకవైపు ఇరవై అయిదు రంధ్రాల పోర్టు ఉండే ఉంటుంది. మూలంలో ఆ మాట రాయకపోవడం కావ్యదోషం. కొనేవాడు మొదట చూడవలసింది అదే.

ఈ దుస్థితి ఎలా వచ్చిందంటే, పుస్తకం అచ్చయిపోయాక ఫైలు గురించి అడిగినవాడు లేడు. ప్రెస్సువాళ్ల దగ్గర ఉంటుందిలే అని కవిగారు అనుకున్నారు. కవిగారు తీసుకెళ్లారులే అని ప్రెస్సువారు అనుకున్నారు. ట్రేసింగ్ తీశారు, ప్లేటు వేశారు, అయిదు వందల కాపీలు కొట్టారు, సభ పెట్టి శాలువా కప్పారు. పుస్తకం ఒక ఫ్లాపీలో పట్టకపోతే జిప్ చేసి నాలుగైదింటిలోకి కోసేవారు. వాటిలో మూడోది చెడితే మిగతావన్నీ ఉండి ప్రయోజనం లేదు. ఈలోగా డీటీపీ సెంటరు మూతపడి అక్కడ మొబైల్ రీచార్జి షాపు వచ్చింది.

కనుక వ్యాఖ్యాత నిర్ణయం: ఈ యంత్రం ల్యాప్‌టాప్‌గా పనికిరాదు. ఆ కాలంలో రాసినవాటిని చదివిపెట్టే పనికి మాత్రం దీన్ని మించినది లేదు. పాత ఆటలు ఆడుకునేవారూ ఉన్నారు, వారిని కాదనను. వారి ఉపయోగం వేరు, వారికి టీకా అక్కర్లేదు.

"ధర మాట్లాడుకొనవచ్చును" అన్నచోట పాఠాంతరం ఉంది. "ధర ఇవ్వకపోయినా ఫర్వాలేదు, పట్టుకెళ్లండి" అని కర్తగారి ఇంటివారి పాఠం. అది ప్రామాణికం కాకపోయినా విశ్వసనీయం. ఎంత ఇవ్వవచ్చు? ఛార్జరుతో లేచి, ప్యారలల్ పోర్టు బాగుండి, డిస్కులో పేజ్‌మేకర్, ఫాంట్లు ఇంకా మిగిలి ఉంటే, అడిగినంతలో సగానికి బేరం మొదలుపెట్టి ముప్పాతికకు కుదుర్చుకోవచ్చు. డిస్కు తుడిచి ఇస్తే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో తూకం ధర చాలు. తుడవకుండా ఇమ్మని అడగండి. అమ్మేవారు తమ సొంత కాగితాలు తీసేసుకుని, సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోకుండా ఇవ్వాలి.

చదువరులలో 2010కి ముందు సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్నవారు, తాతగారి పద్యాలో నాన్నగారి వ్యాసాలో అచ్చు వేయించినవారు ఉంటే ఒక మాట. ఆ సీడీ, ఆ ఫ్లాపీల కట్ట బీరువాలో ఎక్కడుందో ఈ వారమే వెతకండి. సీడీల మీది రంగుపూత ఏళ్లు గడిచేకొద్దీ చెడుతుంది, ఫ్లాపీకి బూజు పడుతుంది. మీ ఊళ్లో పాత కంప్యూటరు ఇంకా ఉంచుకున్న డీటీపీ ఆయన ఎవరో కనుక్కుని, ఫాంట్లతో సహా పీడీఎఫ్ తీయించండి. ఆ తర్వాత యూనికోడ్‌లోకి మార్పించి, ప్రూఫు మీరే చూసుకోండి. రెండు కాపీలు రెండుచోట్ల పెట్టండి. ఆయనకు కూలి బేరమాడకండి.