‘దారి కొంచెం ఎత్తుపల్లం’: ఒక సైకిల్ నోటీసుకు టీకా తాత్పర్యం

మూలం: “ఆదివారం ఉదయం 9 గంటలకు చర్చి గేటు దగ్గర. 50 మైళ్లు. దారి కొంచెం ఎత్తుపల్లం. మధ్యలో కేఫ్ దగ్గర ఆగుతాం. మడ్‌గార్డులుంటే మంచిది. వెనకబడ్డవాళ్లను వదిలేసి పోం. అందరూ రావచ్చు.”

అవతారిక. ఇంగ్లాండులో పల్లెదారులు పట్టి తిరిగే ఏ సైకిల్ క్లబ్ నోటీసు తీసుకున్నా ఇంచుమించు ఈ ఏడు వాక్యాలే ఉంటాయి. కర్త ఎవరో తెలియదు. తెలిసినా లాభం లేదు, వారం వారం మారుతుంటాడు. జీతం లేని ఆ పదవిని రైడ్ లీడర్ అంటారు. నోటీసు చదవగానే అర్థమైపోయినట్టుంటుంది, చిక్కంతా అక్కడే. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మన మెదకు సీమ పండితుడు కోలాచలం మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత మొదటి ఒట్టుకు పూచీ పడతాడు. రెండోదానికి పడలేడు.

ఈ వాఙ్మయం నిన్నమొన్నటిది కాదు. 1878లో యార్క్‌షైర్‌లోని హారోగేట్‌లో బైసికిల్ టూరింగ్ క్లబ్ పుట్టింది. 1883లో అది సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అయింది, 2016 నుంచి సైక్లింగ్ యూకే అంటున్నారు. పుట్టిననాటికి ఇప్పటి సైకిలే లేదు. ఛాతీ ఎత్తు ముందు చక్రం మీద కూర్చుని, కింద పడితే ఏమవుతుందో తెలిసి కూడా ఊళ్లు చూడటానికి బయల్దేరినవాళ్లు వాళ్లు.

“ఆదివారం ఉదయం 9 గంటలకు చర్చి గేటు దగ్గర.” గుడికి రావలసిన కుర్రాళ్లు సైకిళ్లెక్కి పోతున్నారని 1890లలో పాదిరీలు తెగ విసుక్కున్నారు. ఇప్పటి సైకిలువాళ్లు సరిగ్గా చర్చి గేటు దగ్గరకే వస్తారు, లోపలికి మాత్రం పోరు. 9 గంటలకు అంటే 9కి చక్రం కదలాలని. ఆ నిమిషానికి టైరుకు గాలి కొట్టడం మొదలుపెట్టేవాడు ప్రతి క్లబ్బులోనూ ఒకడుంటాడు. ఇంతకుమించి ఇక్కడ విశేషం లేదు.

“50 మైళ్లు.” అంటే 80 కిలోమీటర్లు. ఆ దేశంలో రోడ్డు బోర్డులు ఇప్పటికీ మైళ్లలోనే మాట్లాడతాయి. ‘సుమారు’ అన్న మాట ఇక్కడ లుప్తమని గ్రహించాలి, ఆ లోపాన్ని ఎప్పుడూ ఎక్కువ వైపే పూరించుకోవాలి. ఇది ఖండకావ్యం మాత్రమే, మహాకావ్యాలు వేరే ఉన్నాయి. జులైలో పున్నమికి దగ్గరి శనివారం రాత్రి లండన్‌లో బయల్దేరి, తెల్లారేసరికి సఫోక్ తీరంలోని డన్విచ్ చేరేది ఒకటి, నూటపది మైళ్ల పైమాట. ఐరిష్ సముద్రపు ఒడ్డున వైట్‌హేవెన్‌లో మొదలై తూర్పున సండర్‌లాండ్ దాకా పోయే సీ-టు-సీ దారి మరొకటి, 1994లో తెరిచారు, 140 మైళ్లు. వెనక చక్రం ఈ సముద్రంలో తడిపి, ముందు చక్రం ఆ సముద్రంలో ముంచడం దాని ఆచారం. పడమటి నుంచి తూర్పుకే ఎందుకంటే గాలి అటే వీస్తుంది కనుక. ఆచారం వెనక శాస్త్రం ఉందనడానికి ఇదొక్కటైనా దొరికింది.

“దారి కొంచెం ఎత్తుపల్లం.” నోటీసుకు ప్రాణవాక్యం ఇది. ప్రతిపదార్థం: దారి = ఒక కారుకు సరిపోయి రెండో కారుకు చాలనిది, నడుమ గడ్డి మొలిచినది, రెండు పక్కలా మనిషెత్తు ముళ్లకంచె గలది అయిన తారుబాట; కొంచెం = చాలా; ఎత్తు = సైకిల్లో గేర్లు అయిపోయిన తరవాత మొదలయ్యేది; పల్లం = జారుకుంటూ దిగి మలుపు తిరగ్గానే గొర్రెలు నిలబడి ఉండే చోటు.

ఇక్కడ ఒక శంక. ఇంగ్లాండులోకెల్లా ఎత్తయిన స్కాఫెల్ పైక్ శిఖరం 978 మీటర్లే కదా, మన తూర్పు కనుమల్లోనే దాన్ని మించిన కొండలుండగా ఈ ఎత్తును ఇంత పెద్దది చేయడం దేనికి?

సమాధానం. ఎత్తు వేరు, వాలు వేరు. ఆల్ప్స్ కనుమదారులను ఇంజనీర్లు బండ్లు ఎక్కేలా లెక్కలు కట్టి, మెలికలు తిప్పి వేశారు. ఇంగ్లాండు పల్లెబాటల్లో చాలావాటిని ఎవరూ వేయలేదు. సరుకు మోసే గుర్రాలూ పశువులూ మనుషులూ తొక్కగా తొక్కగా పడిన దారుల మీద తరవాత ఎప్పుడో తారు పోశారు. గుర్రానికి మెలికలతో పని లేదు, కొండ అడ్డమొస్తే నిటారుగా ఎక్కేసింది. లేక్ డిస్ట్రిక్ట్‌లోని హార్డ్‌నాట్ కనుమ ఎత్తు 393 మీటర్లే. కానీ ఒకచోట దాని వాలు 33 శాతం, అంటే మూడడుగులు ముందుకు పోతే ఒకడుగు మీదికి లేస్తుంది. అక్కడ కూర్చుని తొక్కితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, లేచి నిలబడి తొక్కితే తడిరోడ్డు మీద వెనక చక్రం జారుతుంది. చాలామంది మూడో మార్గం పట్టి దిగి తోస్తారు. డెవన్‌ది ఇంకో తీరు. అక్కడ పెద్ద కొండ ఉండదు. చిన్న చిన్న లోయలుంటాయి, ఎక్కిందంతా ఒక్క నిమిషంలో దిగి, వాగు దాటి, మళ్లీ మొదటినుంచీ ఎక్కాలి. సాయంత్రానికి లెక్క వేస్తే, ఎక్కడా కొండ కనబడని ఊరి చుట్టూ తిరిగి వెయ్యి మీటర్లు ఎక్కి ఉంటారు.

ఇదంతా కర్తకు తెలియక కాదు. ఆర్డ్‌నెన్స్ సర్వే వారి మ్యాపులో 14 శాతం దాటిన వాలుకు ఒక బాణం గుర్తు, 20 దాటితే జంట బాణాలు వేస్తారు. రైడ్ లీడర్ ముందురోజు రాత్రి ఆ మ్యాపు పరిచి, బాణాలు లెక్కపెట్టుకుని, అప్పుడు ‘కొంచెం’ అని రాస్తాడు. మన ఆలంకారికులు అతిశయోక్తికి బోలెడు భేదాలు చెప్పారు. దాన్ని తలకిందులు చేసిన అలంకారాన్ని ఇంగ్లాండువాళ్లు రోజువారీ వాడకంలో పెట్టారు. గాలివాన చెట్లను కూలుస్తుంటే ‘కాస్త గాలిగా ఉంది’ అంటారే, అదే ఇది.

“మధ్యలో కేఫ్ దగ్గర ఆగుతాం.” అన్వయంలో క్రియ చివర రావాలి. ఈ నోటీసు మొత్తానికి అసలు క్రియ ‘ఆగుతాం’. ఆదివారం, తొమ్మిది గంటలు, 50 మైళ్లు, ఎత్తుపల్లం, ఇవన్నీ దానికి విశేషణాలు. దారి చూసి కేఫ్ ఎంచుకోరు, కేఫ్ చూసి దారి గీస్తారు. తలుపు తీయగానే కళ్లద్దాల మీద ఆవిరి కమ్ముతుంది. తడిసిన చేతి తొడుగులు రేడియేటర్ మీద వరసగా ఆరుతుంటాయి. బల్ల మీద కుండంత టీపాట్, పక్కన చిన్న జగ్గులో పాలు, కాల్చిన రొట్టె మీద టమాటా రసంలో ఉడికిన తియ్యటి చిక్కుడు గింజలు. కారం ఎరిగిన నాలుక ఆ గింజలను ఊళ్లో ఉండగా ఒప్పుకోదు, ముప్పై మైళ్లు తొక్కాక మారుమాట్లాడదు. ఆ పైన స్కోన్లు. డెవన్‌లో స్కోను మీద ముందు మీగడ, ఆపైన జామ్. టామర్ నది దాటి కార్న్‌వాల్‌లో కాలు పెడితే ముందు జామ్, ఆపైన మీగడ. ఇది వడగలై, తెంగలై నామాల తగవు లాంటిది. తినేవాడికి తేడా తెలియదు, పెట్టేవాడు మాత్రం ఊరుకోడు.

ఈ కేఫ్ మజిలీకి స్థలపురాణం కూడా ఉంది. లండన్‌కు నైరుతిగా సర్రేలో రిప్లీ అనే ఊరు, అందులో యాంకర్ అనే సత్రం. 1880లలో లండన్ సైకిలిస్టులందరికీ వారం వారం తీర్థయాత్ర అక్కడికే. సత్రం నడిపిన డిబుల్ అక్కచెల్లెళ్లు, ఆనీ, హ్యారియెట్, వచ్చినవాళ్లకు కడుపునిండా పెట్టి పంపేవారు. వచ్చినవాళ్లు అక్కడి పుస్తకంలో సంతకాలు పెట్టేవారు. 1895లో ఆనీ చనిపోతే సైకిలిస్టులు ఊరి చర్చిలో ఆమె జ్ఞాపకంగా రంగుటద్దాల కిటికీ పెట్టించారు. టీ పోసినందుకు గుడిలో కిటికీ ఇంకెవరికైనా దక్కిందేమో ఈ వ్యాఖ్యాత ఎరగడు.

“మడ్‌గార్డులుంటే మంచిది.” తెలుగు పాఠకుడు ఇక్కడ తెల్లబోతాడు. మన ఊళ్లో పాలక్యాన్లు మోసే సైకిలుకు కూడా మడ్‌గార్డులుంటాయి, లక్షలు పోసి కొన్న సైకిలుకు లేకపోవడమేమిటి? బరువు తగ్గుతుందని తీసేస్తారు. తీసేసినవాడికి వీపు మీద ఒక్క చారే పడుతుంది. వాడి వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని వస్తున్నవాడి నోట్లో మాత్రం ట్రాక్టరు బురదా, నిన్న ఆ దారిన నడిచిన ఆవుల పేడా పడతాయి. కాబట్టి మడ్‌గార్డు పరోపకారార్థం. ‘మంచిది’ అన్నది విధ్యర్థకం. లేకుండా వస్తే ఎవరూ తిట్టరు, చివర్న రమ్మంటారు.

మూలంలో వాన మాటే లేదు. మరిచిపోయి కాదు. ఆ దేశంలో వానను ప్రత్యేకంగా చెప్పడం పునరుక్తి దోషం. వానే కాదు, మంచు పడ్డా ఆగనివాళ్లున్నారు. ‘వేఫేరర్’ పేరుతో రాసే డబ్ల్యూ.ఎమ్. రాబిన్సన్ 1919 మార్చిలో వేల్స్‌లోని బెర్విన్ కొండలను మంచులో సైకిలు నెట్టుకుంటూ దాటి, ఆ కష్టాన్నంతా పండగలా పత్రికలో రాశాడు. ఆ కనుమలో ఇప్పుడు ఆయన పేర స్మారకఫలకం ఉంది. ఆయన బాట పట్టినవాళ్లు 1955లో హెర్‌ఫర్డ్‌షైర్‌లోని లెమ్‌స్టర్ ఊళ్లో, ఒక పబ్బులో కూర్చుని, రోడ్డు లేని చోట సైకిలు నడపడానికే రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అనే సంఘం పెట్టుకున్నారు. గుర్రపుబాటల మీద సైకిలు తొక్కే హక్కు చట్టంలోకి ఎక్కింది మాత్రం 1968లో. అదీ నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాలన్న షరతు మీద.

“వెనకబడ్డవాళ్లను వదిలేసి పోం.” నిజమే, పోరు. కొండ మీద ఆగి, నీళ్లు తాగి, కబుర్లు చెప్పుకుంటూ ఎదురుచూస్తారు. చివరివాడు రొప్పుతూ వచ్చి కాలు కింద పెట్టగానే ‘అందరూ వచ్చేశారు, పదండి’ అంటారు. విశ్రాంతి ఎవరికి కావాలో వాడికి తప్ప అందరికీ దొరికింది.

పంక్చరైతే మాత్రం అందరూ ఆగాల్సిందే. కంచెల్లో పక్షులు గూళ్లు పెట్టుకుంటాయని మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు రైతులు ఆ కంచెలను కోయకూడదు. సెప్టెంబరు రాగానే ట్రాక్టర్లకు కోతయంత్రాలు తగిలించి బయల్దేరతారు, తారు మీద బ్లాక్‌థార్న్ ముళ్లు పరుచుకుంటాయి. ఒకడు మోకాళ్ల మీద కూర్చుని టైరు లోపల బొటనవేలితో తడుముతూ ముల్లు వెదుకుతుంటాడు. మిగతావాళ్లు చుట్టూ నిలబడి సలహాలిస్తారు.

ఈ గుంపులో ఒకరినొకరు హెచ్చరించుకునే కేకల విషయంలో పాఠాంతరం ఉంది, తీవ్రమైనది. ‘కార్ అప్’ అంటే ఎదురుగా కారు వస్తోందనీ, ‘కార్ డౌన్’ అంటే వెనక నుంచి వస్తోందనీ ఒక సంప్రదాయం. కొన్ని క్లబ్బులవాళ్లు దీన్ని సరిగ్గా తిరగేసి వాడతారు. రెండు సంప్రదాయాలవాళ్లు ఒకే గుంపులో కలిసిన రోజు, కేక వినగానే సగంమంది ముందుకు, సగంమంది వెనక్కి చూస్తారు. ఏ కారైనా ఏదో ఒక సగానికి కనబడుతుంది కనుక ఉభయపాఠాలూ గ్రాహ్యమే.

“అందరూ రావచ్చు.” ఇంత మామూలు మాటకు టీక ఎందుకనిపిస్తుంది. ఒకప్పుడు అది మామూలు మాట కాదు. 1898 అక్టోబరులో లేడీ హార్బర్టన్ సర్రేలోని ఆకమ్ ఊళ్లో హాట్‌బాయ్ హోటలుకు సైకిలు మీద వచ్చి భోజనం అడిగింది. పొడుగు గౌను చెయిన్లో చిక్కుకుంటుందని ఆమె వదులు నిక్కరు తొడుక్కుంది. ఆ వేషంలో కాఫీ గదిలోకి రానివ్వనని హోటలు యజమానురాలు మిసెస్ స్ప్రేగ్ అడ్డుపడి, కావాలంటే మగవాళ్లు కూర్చునే బార్ గదిలో వడ్డిస్తానంది. లేడీగారు వెళ్లిపోయారు. ఆమె తరఫున సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ కేసు వేసింది. 1899 ఏప్రిల్‌లో కింగ్‌స్టన్ కోర్టులో జ్యూరీ యజమానురాలి పక్షమే చెప్పింది, ఎందుకంటే ఆవిడ భోజనం లేదనలేదు, గది మాత్రమే మార్చింది.

ఇప్పుడు ఆ జిల్లా కేఫుల్లో ఒంటికి అతుక్కున్న లైక్రా నిక్కర్లతో ఆడా మగా కలిసి కూర్చుంటారు, ఎవరూ తల తిప్పి చూడరు. అభ్యంతరమల్లా పెడల్‌కు పట్టుకోవడానికి బూట్ల అడుగున బిగించే క్లీట్లకే. చెక్క నేల గీసుకుపోతుందని కొన్నిచోట్ల తలుపు దగ్గరే బూట్లు విప్పమంటారు.