లైట్ డిన్నర్ లెక్కలు

నార్త్ కరోలినాలో రాజకీయాలు ఎవరితోనైనా మాట్లాడొచ్చు గానీ, బార్బెక్యూ ఊసెత్తకూడదు. తూర్పువైపు వాళ్లు పందిని మొత్తంగా కాల్చి, తరిగి, వెనిగరూ మిరపా కలుపుతారు. లెక్సింగ్టన్ వైపు వాళ్లు భుజం మాంసం మాత్రమే కాల్చి, ఆ వెనిగర్లో కాస్త కెచప్ పోస్తారు. ఆ కాస్త కెచప్ మీద తరతరాల తగువు. ఆవకాయలో బెల్లం వెయ్యొచ్చా అని గోదావరి వాళ్లనీ గుంటూరు వాళ్లనీ ఒకే బంతిలో కూర్చోబెట్టి అడిగినట్టే.

నా రక్తపరీక్ష కాగితంలో ఎర్రక్షరాలు చూశాక మా ఆవిడ ఈ తగువుని ఇంట్లోకి తెచ్చింది. "ఇకమీదట బయట బార్బెక్యూ బంద్. ఇంట్లోనే, లైట్‌గా" అని తీర్మానం. పంది భుజం మెత్తబడాలంటే 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది పన్నెండు గంటలు పొగలో ఉండాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో అంతసేపు పొగపెడితే మాంసం కన్నా ముందు ఫైరింజన్ వస్తుంది. అందుకని పంది బదులు కోడి, పొగ బదులు ప్రెషర్ కుక్కర్.

సాసు సంగతి చూద్దామని దుకాణంలో సీసాలు తిప్పి చదివాను. చాలావాటిలో రెండు పెద్ద చెంచాలకి 12 గ్రాములకు పైనే చక్కెర. అంటే మూడు చిన్న చెంచాలు. నేను కాఫీలో మానేసిన చక్కెరంతా ఇక్కడ కాపురం పెట్టిందన్నమాట! సీసా అక్కడే పెట్టేసి, ఇంటికొచ్చి ఆపిల్ సైడర్ వెనిగర్, ఎండుమిరప తునకలు, మిరియాలపొడి, ఉప్పు, పేరుకి చిటికెడు చక్కెర కలిపి మరిగించాను. తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు వాసన చూసి, "ఇదేదో మన వస్తువులాగే ఉంది బాబూ" అన్నారు. ఆవిడ నోట నా వంట గురించి మంచిమాట రావడం అరుదు. సాక్ష్యానికి ఎవరూ లేకపోయారు.

ఉడికిన కోడి తొడ మాంసాన్ని రెండు ఫోర్కులతో పీచులుగా లాగుతుంటే మాత్రం ఆవిడ ముఖం మారింది. "ఎముక లేదు, చారు లేదు. ఇక కోడి ఎందుకూ?"

పక్కన నంజుకునే ఫ్రైస్‌కి చిలగడదుంప తెచ్చాను. అమెరికాలో ఈ దుంప ఎక్కువగా పండేది నార్త్ కరోలినాలోనే. విల్సన్ ఊరి బడిపిల్లలు అర్జీ పెట్టుకుంటే 1995లో దీన్ని రాష్ట్ర కూరగాయగా ప్రకటించారు. కూరగాయ కోసం అర్జీ పెట్టిన పిల్లలు! మావాడు పిజ్జా కోసం తప్ప సంతకం పెట్టడు.

అసలు దెబ్బ లెక్క దగ్గర తగిలింది. వంద గ్రాముల పచ్చి బంగాళాదుంపలో సుమారు 77 క్యాలరీలుంటే, చిలగడదుంపలో 86. తేలికంతా ఓవెన్లో ఉంది, దుంపలో లేదు. నూనెలో వేయించిన ఫ్రైస్ 300 దాటుతాయి. క్యారెట్ అయితే 41తో సరి. అందుకని సగం క్యారెట్ కలిపాను. ముక్కలు అరగంట నీళ్లలో నానబెట్టి, బాగా తుడిచి, కాస్త కార్న్‌ఫ్లోర్, చెంచాడు నూనె పట్టించి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి 220 డిగ్రీల దగ్గర పెట్టాలి. ఇరుకున పేరిస్తే ఆవిరికి ఉడికి, శివరాత్రి ఉపవాసం దుంపలై బయటికొస్తాయి. ఇంత చేసినా బంగాళాదుంపంత కరకర రాదు. చిలగడదుంపలో పిండిపదార్థం తక్కువ, తీపి ఎక్కువ.

బన్నులో కోడి పీచులు, పైన వెనిగర్లో నానిన క్యాబేజీ తురుము. మయొనైజ్ లేదు. మావాడు ఫ్రైస్ కెచప్‌లో ముంచి, "ఇది ఫ్రై కాదు నాన్నా, కూర" అన్నాడు. అత్తగారు ఒక సాండ్‌విచ్ తిని, "టిఫిన్ బాగుంది, మరి అన్నం ఎప్పుడు?" అని అడిగారు.

నా తీర్పు మాత్రం ఇదీ: తేలికగా చేసుకోవాలంటే తూర్పు కరోలినా సాసే సరైనది. పులుపూ కారమూ ఉన్నచోట మన నాలుక చక్కెర అడగదు. లెక్సింగ్టన్‌వారు క్షమించాలి.