జెరేనియంతో నష్టపోవడం ఎలా?

జెరేనియం మొక్కను పువ్వు చూసి కొనండి. కడియం నర్సరీలకు వెళ్లినా, మీ వీధి చివరి నర్సరీకి వెళ్లినా ఇదే సూత్రం. ఎర్రగా గుత్తులు గుత్తులుగా పూసి, ఆకు మీద ముదురు రంగు వలయం ఉన్న కుండీ కనబడగానే బేరం మొదలెట్టండి. ఆకు నలిపి వాసన చూడమని ఎవరైనా అంటే, "ఇదేమన్నా కరివేపాకా?" అని కసురుకోండి. ఇంటికి తెచ్చి గులాబీ పరిమళం కోసం ఎదురుచూడండి. రాదు. అది కంటికోసం పెంచే రకం. ముక్కు కోసం పెంచే రకం అదే నర్సరీలో వెనక వరుసలో, చీలికల ఆకులతో, ఒంటినిండా నూగుతో, ఒకటో రెండో లేత గులాబీ రంగు పూలతో ముడుచుకుని ఉంటుంది. ఆ పూలకు చెప్పుకోదగ్గ వాసన లేదు. ఉన్నదంతా ఆకు మీది నూగులోనే. ఆ సన్నటి వెంట్రుకల కొసల్లో నూనె తిత్తులుంటాయి, వేలు తగిలితే చాలు పగులుతాయి. మొక్క పక్కన గంటసేపు కూర్చున్నా ఏమీ తెలియదు గానీ, అటుగా వెళ్తూ చీర కుచ్చిళ్లు తగిలాయంటే బాల్కనీ అంతా గుప్పుమంటుంది. పిచ్చిమొక్కలా కనిపించే ఇలాంటిదానికి డబ్బు పోయకండి.

నిజానికి ఈ రెండూ దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పెలార్గోనియం ప్రజాతిలోవే. లినేయస్ 1753లో వీటిని జెరేనియంలతో కలిపేశాడు, 1789లో లెరితియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త విడదీశాడు. నర్సరీవాళ్లకు ఆ కబురు ఇంకా అందలేదు. వాసన రకాలు మాత్రం చాలా ఉన్నాయి: నిమ్మ వాసనది, పుదీనా వాసనది, ఆపిల్ వాసనది, జాజికాయ వాసనది. నూనె తీసేది గులాబీ వాసన ఉన్న రకం నుంచి. మీరు పుదీనా రకం తెచ్చుకుని, గులాబీ వాసన రావడం లేదని ఎరువు మార్చండి.

ఇంకో మంచి బేరం ఉంది. "దోమల మొక్క" అనే చీటీ తగిలించి అమ్మేది కూడా ఈ జాతిదే. ఒకటి తెచ్చి కిటికీ దగ్గర పెట్టి, దోమతెర చుట్టి అటక మీద పడేయండి. 1990లలో అమెరికాలోనూ కెనడాలోనూ ఈ మొక్కను పరీక్షించి చూశారు. మొక్క పక్కనున్నా మనుషులకు కాట్లు తగ్గలేదు సరికదా, దోమలు వచ్చి ఆ ఆకుల మీదే వాలి విశ్రాంతి తీసుకున్నాయి. ఆకు నలిపితేనే నూనె బయటికొస్తుందని ఇందాకే చెప్పుకున్నాం. కాబట్టి సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఆకులు నలుపుతూ కూర్చోండి. రెండు చేతులూ ఆ పనిలోనే ఉంటాయి కనుక దోమను కొట్టడం కుదరదు, జీవహింస తప్పుతుంది.

ఇక నీళ్లు. ఇక్కడ మన ప్రతిభ అంతా చూపించాలి. పొద్దున తులసికి పోసే చేత్తోనే దీనికీ ఒక చెంబు, సాయంత్రం దీపం పెట్టేముందు ఇంకో చెంబు పోయండి. టైల్స్ పాడవకుండా కుండీ కింద పళ్లెం పెట్టి, అందులో నిలిచిన నీళ్లు అలాగే ఉంచండి. మట్టి విషయంలోనూ రాజీ పడకండి. ఊరి నుంచి శ్రద్ధగా తెప్పించిన నల్లరేగడి నింపి, బాగా అదిమి, కుండీ అడుగు చిల్లు సిమెంటుతో మూయించండి. ఓ పది రోజులకు ఆకులు వాలిపోతాయి. ఆకు వాడిందంటే దాహమేనని మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు కదా, మూడో చెంబు పోయండి. అప్పుడు కాండం మొదట్లో వేలితో నొక్కి చూడండి. నల్లగా, మెత్తగా, కుళ్లిన బంగాళాదుంపలా వేలు లోపలికి దిగబడుతుంది. వేరుకుళ్లు అంటే అదే. వేర్లు చచ్చిపోయాయి కనుక చుట్టూ నీళ్లున్నా పైకి ఎక్కవు, అందుకే ఆకు వాడింది. ఎండిపోయి చచ్చిన జెరేనియంల కంటే నీళ్లలో మునిగి చచ్చిన జెరేనియంలే మన మిద్దె తోటల్లో ఎక్కువ. ఎర్రమట్టి, ఇసుక, కాస్త వర్మీకంపోస్టు కలిపి, పైమట్టి రెండు వేలి కణుపుల లోతు వరకు పొడిగా తగిలాకే నీళ్లు పోసేవాళ్లు కొందరున్నారు. వాళ్ల మొక్కలు ఏళ్ల తరబడి బతుకుతూ ఇంట్లో చోటు లేకుండా చేస్తాయి.

ఎండ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. శీతాకాలంలో దీనికి మంచి ఎండ కావాలి కాబట్టి అప్పుడు మెట్ల కింద పెట్టండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోళ్ల పక్కనే, సిమెంటు డాబా మీద, నల్ల ప్లాస్టిక్ కుండీలో దీన్ని ఉంచండి. మధ్యాహ్నం నీడ పట్టు, గాలాడే చోటు లాంటి గారాబాలు వద్దు. యూరియా మాత్రం గుప్పెడు వేయండి. ఆకులు అరచేతి వెడల్పున ఏపుగా పెరుగుతాయి, కొమ్మలు సన్నగా సాగి తూలిపోతాయి, వాసన పల్చబడుతుంది. ఫోటోకి బాగుంటుంది.

మొక్కల సంఖ్య పెంచుకోవాలనుకుంటే ఆన్‌లైన్‌లో విత్తనాలు తెప్పించండి. నూనె తీసే గులాబీ జెరేనియం సంకరజాతి. అది విత్తనం కట్టదు, కొమ్మ నుంచి కొమ్మగానే ఇన్నేళ్లూ దేశాలు తిరిగింది. పొట్లంలో వచ్చినవి ఏం మొలుస్తాయో చూడటం ఎలాగూ సరదాయే. పక్కింటివాళ్ల మొక్క నుంచి బెత్తెడు కొస కొమ్మ తెంపి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో నీడపట్టున గుచ్చితే నాలుగు వారాలు తిరిగేసరికి వేరు పడుతుంది. అందులో ఖర్చేం లేదు, కాబట్టి నమ్మకం కలగదు. ఒకవేళ గుచ్చినా, ముసురు పట్టిన వానాకాలంలో గుచ్చి, పైన ప్లాస్టిక్ కవరు బిగించండి. లోపల చెమట పట్టి మూడో రోజుకే నల్లబడుతుంది.

ఇప్పటిదాకా పోయింది కుండీ డబ్బులే. అసలు నష్టం ఎకరాల్లో ఉంది. "ఎకరానికి లక్షలు" అని ఫోనులో వీడియో చూసిన రాత్రే నిర్ణయం తీసుకోండి. పొద్దున్నే అడుగులు కొలిచి చూస్తే, అటూ ఇటూ రెండేసి అడుగుల దూరాన ఎకరాకు సుమారు 11 వేల మొక్కలు పడతాయి. వీడియో చేసినవాళ్ల దగ్గరే మొక్కలు కొనండి. వాళ్ల ఆదాయం నూనె మీదో మొక్కల మీదో అడగడం మర్యాద కాదు. లక్నోలోని సీమ్యాప్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈ పంట మీద ఏళ్లుగా పనిచేస్తోంది. దాని పరిశోధన కేంద్రం ఒకటి హైదరాబాద్ బోడుప్పల్‌లోనే ఉంది. అటువైపు వెళ్లకండి. వెళ్తే వానల్లో తల్లిమొక్కలు చచ్చిపోకుండా తక్కువ ఖర్చు పాలిథిన్ పందిరి కింద కాపాడుకోవడం చెబుతారు. ఆ పద్ధతితో సుమారు 35 రూపాయలు పడే మొక్క 2 రూపాయలకే తయారవుతుందని వాళ్ల లెక్క. అంత చవగ్గా తయారైతే మనం ఘనంగా పెట్టుబడి పెట్టామని నలుగురికీ చెప్పుకోవడమెలా?

నీలగిరుల్లో, ఏర్కాడు, కొడైకెనాల్ కొండల మీద ఈ పంట మొదట నిలదొక్కుకుంది. అక్కడ చల్లదనం, వాలు నేల ఉన్నాయి, వాననీరు జారిపోతుంది. మీరు చెరువు కింద మాగాణి ఎంచుకోండి.

నాటిన నాలుగు నెలలకు కోత. ముదిరే ముందు ఆకు ముదురాకుపచ్చగా ఉండి, నలిపితే నిమ్మ పోకడ కొడుతుంది. పాకానికి వచ్చేసరికి రంగు కాస్త లేతబారి, వాసన గులాబీలోకి తిరుగుతుంది. అనుభవమున్న రైతు చేనుగట్టు మీద నడుస్తూ ఆకులు నలిపి వాసన చూసేది ఇందుకే. మీరు మాత్రం కూలీలు దొరికిన రోజున కోయించేయండి. కోశాక వాన నీళ్లు ఓడుతున్న ఆకును మేటి వేసి, రెండు రోజులు వేడెక్కనిచ్చి, అప్పుడు నూనె తీసే బట్టీ ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టండి. వంద కిలోమీటర్ల అవతల ఒకటి దొరుకుతుంది. టన్ను ఆకు ఉడికితే వచ్చేది కిలో నూనె, బాగుంటే కిలోన్నర. అంటే లారీకెత్తిన వెయ్యి కిలోల్లో 998 కిలోలకు పైగా ఊరికే ఊరేగి వస్తాయి. చేను పక్కనే బట్టీ ఉన్నవాడికీ మీకూ తేడా ఆ కిరాయే.

బట్టీ దగ్గర చూడాల్సింది ఒకటుంది. అడుగున నీళ్లు మరిగి ఆవిరి ఆకుల్లోంచి పైకి వెళ్తుంది, నూనెను వెంటబెట్టుకుని గొట్టంలోకి పోతుంది, చన్నీళ్ల తొట్టిలో చల్లబడి బొట్లుబొట్లుగా రాలుతుంది. నీటికంటే తేలిక కనుక నూనె పైన లేతాకుపచ్చ తెరలా తేలుతుంది. కింద మిగిలిన నీటిలోనూ కొంత నూనె కరిగి ఉంటుంది, ఆ నీరూ అమ్ముడుపోతుంది. మీరు దాన్ని కాలవలోకి వదిలేసి, పైన తేలిన నూనెను ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పట్టి ఎండలో పెట్టండి. అల్యూమినియం డబ్బా, ముదురు రంగు గాజు సీసా, చీకటి గది అనేవి పిరికివాళ్లకి.

పొలం గొడవ లేకుండా నష్టపోదలచినవాళ్లు సీసా కొనుక్కోవచ్చు. దుకాణంలో గులాబీ, మల్లె, చందనం, జెరేనియం సీసాలు ఒకే వరుసలో ఒకే ధరకు ఉన్నాయంటే సరైన చోటికే వచ్చారన్నమాట. మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారు, ఏ దేశానిది, బ్యాచ్ నంబరు వంటివి ముద్రించిన సీసా పక్కన పెట్టేసి, పూల బొమ్మ పెద్దగా ఉన్నది తీసుకోండి. బొమ్మలో ఉన్నది ఎర్ర గుత్తుల పువ్వైతే ఇంకా మంచిది. ఒకప్పుడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి నూనెకు బూర్బన్ అని పేరు. ఇప్పుడు ఎక్కువ సరుకు ఈజిప్టు, చైనాల నుంచి వస్తుంది. సీసా మీద బూర్బన్ అని ఉంటే దీవి నుంచి నేరుగా వచ్చిందనుకోండి.

కల్తీ కొత్తదేం కాదు. మన పామరోజా గడ్డి నూనెలోనూ జెరేనియంలో ఉండే జెరానియాల్ దండిగా ఉంటుంది, ధర తక్కువ. ఆ గడ్డి నూనె పూర్వం బొంబాయి రేవు నుంచి టర్కీ వెళ్లి, అక్కడ గులాబీ అత్తరులో కలిసి, టర్కీ జెరేనియం నూనె అనే పేరు కూడా సంపాదించింది. టన్నుల కొద్దీ రేకులు పోస్తేగానీ కిలో రాని గులాబీ నూనెకు జెరేనియం చుట్టం, జెరేనియంకు పామరోజా చుట్టం. అసలు జెరేనియంలో గులాబీ వెనకే పచ్చి ఆకు ఘాటు, కాస్త పుదీనా చల్లదనం తగులుతాయి. ఉత్త తియ్యటి గులాబీ వాసనే వస్తే సంతోషించండి. తెల్ల కాగితం మీద చుక్క వేస్తే, మామూలు నూనె కలిసినదైతే మర్నాటికీ జిడ్డు మరక వదలదు. ఆ మరకను నాణ్యత అనుకోండి. రసాయనాలతో చేసిన కల్తీని కాగితం పట్టదు, దానికి ప్రయోగశాలే కావాలి.

వాడకం సులువు. నేరుగా ముఖానికి రాయండి. 30 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలో ఆరు చుక్కలు కలిపి, ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగి చూడమనే చాదస్తుల మాట వినకండి. ఇందులోని సిట్రనెలాల్, జెరానియాల్ కొందరి చర్మానికి పడవు. యూరప్‌లో సౌందర్య సాధనాల మీద వాటి పేర్లు విడిగా రాసి తీరాలని చట్టమే ఉంది. మనకు పేర్లు చదివే ఓపికెక్కడిది? కడుపులోకి మాత్రం, ఎవరు ఏ వీడియోలో చెప్పినా, తీసుకోకండి. నా సలహాల్లో తిరగేసిన అర్థం లేనివి రెండే, ఇది మొదటిది. ఇంట్లో పిల్లి ఉంటే మొక్కనూ సీసానూ దానికి అందనివ్వకపోవడం రెండోది. మందు కొట్టని ఆకులు రెండు చక్కెర డబ్బాలో వేసి వారం మూతపెడితే పాయసానికి గులాబీ వాసన పడుతుందంటారు గానీ, దానికి సీసా కొననక్కర్లేదు కనుక అది మన దారి కాదు.

ముఖం మీద దద్దురు లేస్తే, ఒంట్లో విషం బయటికి పోతోందని వాట్సాప్‌లో చదివింది గుర్తు చేసుకుని ఇంకో పూత వేయండి. మూడో రోజు కళ్లు వాచి చర్మ డాక్టరు దగ్గరికి బయల్దేరేటప్పుడు ఆ సీసా ఇంట్లోనే వదిలేసి వెళ్లండి. తీసుకెళ్లినా ఆయన చదవడానికి దాని మీద ఏమీ రాసి ఉండదు.