గరగర మావయ్య

మా పెద్దమావయ్యతో కలిసి రైలెక్కకూడదు. తాడేపల్లిగూడెంలో ప్యాసింజరెక్కితే ఏలూరు చేరేలోపు పూళ్ల, భీమడోలు, దెందులూరు, బండి ఎక్కడాగితే అక్కడ దిగుతాడు. టీ కోసం కాదు. గబగబా చివరి పెట్టె దాకా నడిచి గార్డు పక్కన నిలబడతాడు. 2022లో రైల్వేవాళ్లు గార్డుకి ట్రైన్ మేనేజరని పేరు మార్చారు కాబట్టి "నమస్కారం మేనేజరు గారూ" అంటాడు. ఆ నమస్కారం మనిషికి కాదు, ఆయన చేతిలోని వాకీటాకీకి. అందులోంచి స్టేషన్ మాస్టరు గొంతు ఖంగుమని వస్తే మావయ్య కళ్లు మూసుకుని తలూపుతాడు. పెట్టెలోకొచ్చి, "విన్నావట్రా? ఒక్క అక్షరం నలగలేదు!" అంటాడు. నేను విన్లేదు. ఆయన బండెక్కుతాడో లేదోనన్న కంగారులో నాకేదీ వినపడదు.

బండి కదిలాక ఎదురు సీటువాళ్ల వంతు. గూడెం ఉల్లిపాయల మార్కెట్లో లెక్కలు చూసుకుని కునికిపాట్లు పడుతున్న పెద్దమనిషిని మోకాలి మీద తట్టి, "పోలీసుల సెట్లో మాట అంత స్పష్టంగా ఎందుకొస్తుందో మీకెప్పుడైనా అనుమానం వచ్చిందాండీ?" అని అడుగుతాడు. ఆయనకి రాలేదు. అయినా మావయ్య తీరుస్తాడు.

ఈ పిచ్చి డాలస్‌లో అంటుకుంది. కోడలి పురుడికి అత్తయ్యతో పాటు వెళ్లి, పనేం లేక అందరి పనుల్లోనూ వేలుపెడుతుంటే, కొడుకు వైర్‌లెస్ మాటలు వినే స్కానర్ ఒకటి కొనిచ్చి కూర్చోబెట్టాడు. అక్కడ ఇంట్లో కూర్చుని వింటే తప్పు కాదు. ఫైరింజన్లవాళ్లు మాట్లాడుకునేది వింటూ, ఆ ఇంగ్లీషు సగం అర్థంకాక, అర్థంకాకపోవడానికి సెట్టుని తిడుతూ ఆర్నెల్లు గడిపేశాడు. తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో పెట్టుకోబోతే కొడుకు ఆపాడు. ఇక్కడ 1933 చట్టం నాటి నుంచీ వైర్‌లెస్ సెట్టు దగ్గరుంచుకోవాలంటే లైసెన్సు కావాలి. ఇక 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారమైతే పరాయివాళ్ల సందేశాలు అక్రమంగా పట్టినందుకు మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా. "రెండు కోట్లా! కొల్లేట్లో మనకేమన్నా చేపల చెరువులున్నాయా?" అని అత్తయ్య ఆ స్కానర్ని తీసి మళ్లీ అలమారాలో పెట్టేసింది.

మావయ్య ఊరుకోలేదు. అరవై దాటాక హామ్ రేడియో పరీక్షకి కూర్చుని, పాసై, వీయూత్రీతో మొదలయ్యే కాల్‌సైన్ తెచ్చుకున్నాడు. దాన్ని ఇంటి గేటు మీద తన పేరుకంటే పెద్ద అక్షరాలతో రాయించాడు. ఇప్పుడు సాయంత్రమైతే డాబా మీద ఉంటాడు. వడియాల గుడ్డ ఒకపక్క, ఏరియల్ కట్టిన వెదురుగడ ఒకపక్క. చేతిలో ఊళ్లోని అన్ని తరంగాలూ పట్టేస్తానని పెట్టె మీద రాసుకొచ్చిన చవక సెట్టు. స్క్వెల్చ్ మీట ఒక్క గీత తిప్పితే గరగర ఆగుతుంది, గొంతూ ఆగుతుంది. గీత వెనక్కి తిప్పితే గొంతొస్తుంది, గరగరా వస్తుంది. ఆ ఒక్క గీత దగ్గరే ఆయనకి పొద్దుగూకుతుంది.

అత్తయ్య తమ్ముడు పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరైనాయన. మాట పొదుపు. కైకలూరు పెళ్లిలో మావయ్య పట్టుకుని నిలదీశాడు.

"ఏమోయ్, మీ సెట్టు పలికినట్టు నాది పలకదేం?"

"బావగారూ, మీ సెట్టు అన్నీ వింటుందండి. మా సెట్టు పని విననివ్వకపోవడం" అనేసి ఆయన పులిహోర వైపు వెళ్లిపోయాడు.

ఆ ముక్క చాలు మావయ్యకి. అప్పణ్ణించి దొరికినవాళ్లకల్లా అదే ఉపన్యాసం. న్యాయం చెప్పాలంటే, చెప్పేది తప్పు కాదు. పోలీసుల వీహెచ్‌ఎఫ్ సెట్టుకి 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాటితే లోకం లేదు. స్కానర్‌కి పాతిక నుంచి పదమూడొందల దాకా అన్నీ కావాలి. పెళ్లి భోజనాల దగ్గర గేటు బార్లా తీసిపెడితే ఏమవుతుంది? ఎఫ్‌ఎం పాటలూ సెల్ టవర్లూ పిలవకుండానే వచ్చి పంక్తిలో కూర్చుంటాయి. పిలిచిన గొంతుకి విస్తరి దొరకదు. పోలీసుల సెట్లో ఆ గేటు దాటాక లోపల ఇంకో ఫిల్టరుంటుంది, 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్ దాటి పక్కవాడి మాట రానివ్వదు. చవక సెట్లో ఆ సందు వెడల్పు. గొంతు చిన్నదై, బుస పెద్దదై వస్తుంది. మాటకి కావలసిన 300 నుంచి 3000 హెర్ట్జ్ వరకే ఉంచి, దానికి తగ్గట్టే స్పీకరూ డబ్బా బిగిస్తారు. ఏరియల్‌ని కూడా ఆ తరంగానికి కొలిచి కోస్తారు, 150 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగమంటే అర మీటరు. మాట్లాడేవాడి సెట్టూ, ఎత్తున పెట్టిన రిపీటరూ, వినేవాడి సెట్టూ ఒకదానికోసం ఒకటి కట్టినవి. ఇప్పుడు డిజిటల్ వచ్చాక తప్పుగా వచ్చిన అక్షరాల్ని కూడా సెట్టే సరిదిద్దుకుంటుంది. పాత స్కానర్‌తో దాన్ని పడితే వినపడేది బర్రుమన్న మోత.

నన్నడిగితే ఇంత దూరం పోనక్కర్లేదు, మావయ్యని చూస్తే చాలు. ఎదురింటి అల్లుడికి ఏ ఊరు బదిలీ అయిందో, పక్కవీధిలో ఎవరు తణుకు సంబంధం వద్దన్నారో అన్నీ చెవిన పడతాయి. అత్తయ్య కరివేపాకు తెమ్మంటే కొత్తిమీర తెస్తాడు. ఆటపాకలో మేమంతా గూడబాతుల్ని చూస్తుంటే, ఆయన బందోబస్తు కానిస్టేబులు భుజం మీది సెట్టుని చూస్తాడు. పిల్లాడు తప్పిపోయాడని మేం అరిస్తే ఆ అరుపొక్కటీ వినపడలేదు.

పోనీ ఆ బావమరిదిగారు నయమా అంటే, ఉద్యోగమంతా తన స్టేషన్ పేరుకే పలికి, ఇంట్లోనూ అదే అలవాటైపోయింది. పెళ్లాం నాలుగుసార్లు పిలిచినా ఉలకడు. విసిగిపోయిన ఆవిడ "ఏలూరు కంట్రోల్!" అంటే మాత్రం "చెప్పండి, ఓవర్" అంటాడు.

అన్నట్టు, తుఫాను గాలికి కరెంటూ సెల్ టవర్లూ పడుకున్న రాత్రి మా వీధంతా మావయ్య అరుగు మీదే ఉంది. రెయిన్‌కోటేసుకుని డాబా ఎక్కడం, గరగరలోంచి ఎవరో హామ్ చెప్పిన కబురు ఏరుకుని దిగడం, "గాలి తగ్గుతోందట, పడుకోండి" అనడం. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మాకు భయమేసింది.

ఈమధ్య ఒక హామ్ మిత్రుడు జాలిపడి, హామ్‌లకిచ్చిన 144-146 బ్యాండుకి సరిచేసిన పాత ప్రొఫెషనల్ సెట్టొకటి వాడుకోమని ఇచ్చాడు. మావయ్య ఆన్ చేశాడు. గరగర లేదు, బుస లేదు. ఎవరో మాట్లాడితే ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంది. వాళ్లు ఆపగానే నిశ్శబ్దం. మావయ్య కాసేపు చూసి, సెట్టుని అటూ ఇటూ తిప్పి అడిగాడు:

"మరి మిగతావాళ్లు?"

"ఇందులో వినపడరండి. అందుకే ఇంత క్లియరు."

"అయితే నాకెందుకండీ ఇది!" అని తిరిగి ఆయన చేతిలో పెట్టేశాడు.